తమ్ముడికి అందిన రింగు నాకెందుకు అందదు?

ప్రశ్న: విద్యానగర్‌లో ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న పంతొమ్మిదేళ్ల యువకుడు, పేరు ప్రచురించవద్దన్న కోరికతో ఒక పెద్ద ఉత్తరం రాశారు. ఇంటర్‌లో ఉండగా అమెరికా బాస్కెట్‌బాల్ లీగు అయిన ఎన్‌బీఏ ఆటగాళ్లు గాలిలోకి లేచి బంతిని పైనుంచి రింగులో దించే వీడియోలు చూసి ఆయన బాస్కెట్‌బాల్ మీద మనసు పారేసుకున్నారు. అప్పటి నుంచి దాదాపు ప్రతి సాయంత్రం నారాయణగూడ వైఎంసీఏ కోర్టులో ఆడుతున్నారు. ఆయన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. చెయ్యి పైకెత్తి నిలబడితే వేళ్ల కొసలు 7 అడుగుల 2 అంగుళాల దాకా వస్తాయి. పరుగెత్తుకొచ్చి ఎగిరితే రింగుకు ఇంకా మూడు అంగుళాల కింద ఆగిపోతున్నారు. రెండేళ్ల కిందట ఈ దూరం తొమ్మిది అంగుళాలు ఉండేదట; ఏడాదిగా మాత్రం అసలు తగ్గడం లేదు. "వాళ్లు గాలిలో అలా నిలబడిపోతారు, నేను లేచీ లేవగానే పడిపోతాను" అని రాశారు.

పన్నెండు వారాల్లో పన్నెండు అంగుళాలు పెంచుతామన్న ఒక ఆన్‌లైన్ శిక్షణకు, అమ్మమ్మ పండక్కి ఇచ్చిన ఐదు వేల రూపాయలు కట్టారు. అందులో చెప్పినట్టు, ఇంట్లో అందరూ పడుకున్నాక డాబా మీదికి వెళ్లి ప్రతి రాత్రీ మూడు వందల గెంతులు వేస్తున్నారు. కొన్ని నెలలుగా ఎడమ మోకాలి చిప్పకు కింద నొప్పి మొదలైంది. ఆట మొదట్లో బాధపెట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున్న మెట్లు దిగేటప్పుడు మళ్లీ పట్టుకుంటోంది. ఇంట్లో చెప్పకుండా, నొప్పి మాత్ర వేసుకుని నెట్టుకొస్తున్నారు.

అసలు బాధ ఇంకోటి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న తమ్ముడు 6 అడుగుల 2 అంగుళాల పొడగరి. వేసవిలో అన్నదమ్ములిద్దరూ గోడ మీద చాక్‌పీసు గుర్తులు పెట్టి కొలుచుకుంటే అతని చెయ్యి 8 అడుగుల 1 అంగుళం దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత ఒకనాడు అతను ఊరికే అన్న వెంట కోర్టుకు వచ్చి, రెండో ప్రయత్నంలోనే రింగును వేళ్లతో పట్టుకుని, "అన్నా, ఇందులో ఏముంది, ఎగిరితే అందేస్తోంది కదా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి తమ్ముడితో మాటలు తగ్గిపోయాయి. ఒకే జట్టులో ఆడినరోజు తమ్ముడు ఖాళీగా నిలబడి చెయ్యెత్తినా ఈయన బంతి ఇవ్వలేదు. ఒకే గదిలో పడుకునే పిల్లలు ఎడమొహం పెడమొహంగా ఎందుకు ఉంటున్నారని అమ్మ అడుగుతోంది. వచ్చే నెలలో కాలేజీ జట్టు ఎంపికలున్నాయి. పీడీ సార్ "ఎగరడం సంగతి వదిలెయ్, బంతి మీద పట్టు తెచ్చుకో" అన్న మాట ఆయనకు అవమానంగా తోచింది. ఎగరడం పుట్టుకతో రావలసిందేనా, రెండేళ్ల కష్టం వృథాయేనా, శిక్షణ కొనసాగించాలా, ఆట మానుకోవాలా, తమ్ముణ్ణి చూసినప్పుడు కలిగే ఈ మంటను ఏం చేసుకోవాలి అని అడుగుతున్నారు.

జవాబు: మీరు ఉత్తరంలో కొలతలన్నీ జాగ్రత్తగా రాశారు కానీ ఒక తీసివేత చేయలేదు. ముందు అది చేద్దాం. రింగు ఎత్తు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. మీ చెయ్యి నిలబడి అందుకునేది 86 అంగుళాలు, ఎగిరి అందుకుంటున్నది 117. అంటే మీరు నేల మీది నుంచి 31 అంగుళాలు లేస్తున్నారు. మీ తమ్ముడి చెయ్యి నిలబడి ఉండగానే 97 అంగుళాలకు వస్తుంది. రింగును వేళ్లు ముడిచి పట్టుకున్నాడు కాబట్టి 122 దాకా వెళ్లాడనుకుందాం. అతను ఎగిరింది 25 అంగుళాలు. అంటే మీ ఇద్దరిలో ఎక్కువ ఎగురుతున్నది మీరే, అదీ ఆరు అంగుళాల తేడాతో. ఆ రోజు కోర్టులో చప్పట్లు కొట్టినవాళ్లు చూసింది అతని చెయ్యి ఎక్కడికి చేరిందన్నది మాత్రమే. ఎవరు ఎంత లేచారో ఎవరూ కొలవలేదు, మీరు కూడా.

ఓదార్పు కోసం ఈ లెక్క చెప్పడం లేదు. మీరు ఎగరడం, అందుకోవడం అనే రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేసి, రెండో దానిలో ఓడిపోయి, మొదటి దానిలోనూ ఓడిపోయానని నమ్ముతున్నారు. మీరు ఆరాధిస్తున్న ఆటగాళ్ల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. ఎన్‌బీఏలోకి రాబోయే కుర్రాళ్లకు ఎంపికకు ముందు శారీరక పరీక్షలు పెట్టి, నిలబడి ఎంత ఎగురుతారో, పరుగెత్తుకొచ్చి ఎంత ఎగురుతారో విడివిడిగా కొలుస్తారు. 2007లో ఆ పరీక్షలో కెవిన్ డురాంట్ పరుగెత్తుకొచ్చి ఎగిరింది 33.5 అంగుళాలు. మీకంటే రెండున్నర అంగుళాలే ఎక్కువ. కానీ ఆయన చెయ్యెత్తి నిలబడితేనే 9 అడుగుల 2 అంగుళాలకు అందుతుంది, ఆపైన రింగు పది అంగుళాల దూరంలో ఉంటుంది. 2014లో ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన మనిషి ఆయన. 2009 పరీక్షలో స్టెఫెన్ కర్రీ 35.5 అంగుళాలు ఎగిరాడు. ఆయన డంక్ చేసిన, అంటే ఎగిరి బంతిని పైనుంచి రింగులో దించిన సందర్భాలు చాలా అరుదు, ఆయన పేరు నిలబెట్టింది దూరం నుంచి వేసే షాట్లు. వీడియోల్లో మీరు చూసే ఎత్తులో ఎంత భాగం ఎగరడం వల్ల వచ్చింది, ఎంత భాగం పొడవైన ఒంటి వల్ల, చేతుల వల్ల వచ్చింది అన్నది విడదీసి చూడటం అలవాటు చేసుకోండి.

వాళ్లు గాలిలో నిలబడిపోతారన్న మాటకు కూడా జవాబుంది. ఎంత గొప్ప ఆటగాడైనా ఒక్కసారి ఎగిరితే గాలిలో ఉండేది ఒక సెకను లోపే. అయితే పైకి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి, ఎగిరిన ఎత్తులో పైనున్న పావు భాగంలోనే మొత్తం సమయంలో సగం గడిచిపోతుంది. ఆ శిఖరం దగ్గర ఆటగాడు కాళ్లు ముడిచి, బంతిని ఆలస్యంగా కిందికి తెస్తే, చూసేవారికి అతను అక్కడే ఆగినట్టు తోస్తుంది. మీరు ఎగిరినప్పుడు జరిగేదీ ఇదే. తనను తాను బయటినుంచి చూసుకునే వీలు ఎవరికీ ఉండదు కాబట్టి మీకు అది కనిపించదు.

ఇక పుట్టుకతో రావలసిందేనా అన్న ప్రశ్న. కొంత పుట్టుకతోనే వస్తుంది, దీన్ని దాచి లాభం లేదు. కండరాల్లో వేగంగా ముడుచుకునే తంతువుల పాళ్లు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుల్లో మడమ వెనకాల నరంలా తగిలే పెద్దదాని పొడవు, పిక్కల నిర్మాణం, ఎముకల కొలతలు చాలా వరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేవే. ఎగరబోయే ముందు మనం మోకాళ్లు కాస్త వంచినప్పుడు కండరాలు, స్నాయువులు సాగి, ఆ సాగిన బిగువు తిరిగి విడుదలై మనల్ని పైకి తోస్తుంది. కొందరికి ఆ విడుదల సహజంగానే చాలా వేగంగా జరుగుతుంది. శిక్షణతో కాళ్ల బలం పెరుగుతుంది, ఆ బలాన్ని తక్కువ సమయంలో వాడే నేర్పు పెరుగుతుంది, పరుగునూ చేతుల ఊపునూ ఎగిరే క్షణానికి కలపడం అలవాటవుతుంది. మీ ఆరు అంగుళాల పెరుగుదలలో ఎదిగే వయసు పాత్ర కొంత ఉన్నా, ఎక్కువ భాగం మీ కష్టమే అయి ఉంటుంది. అది వృథా పోయింది అనడానికి ఏ ఆధారమూ లేదు.

అయితే డంక్ కోరికను కూడా అంకెల్లో పెట్టి చూడాలి. రింగును తాకితే చాలదు, బంతిని చేత్తో పట్టుకుని పైనుంచి దించాలంటే ఇంకో ఆరు అంగుళాలు కావాలి. అంటే మీకు కావలసింది 40 అంగుళాల ఎగురు. 31 నుంచి 40కి వెళ్లడమంటే కాళ్లు ప్రతిసారీ సుమారు 30 శాతం ఎక్కువ పని చేయాలి, అదీ పాదం నేలను వదిలేలోపు దొరికే సెకనులో చిన్న భాగంలోనే. ఇంత ఎగిరేవాళ్లు ఎన్‌బీఏలోనే తక్కువ. దాదాపు మీ ఎత్తే ఉన్న స్పడ్ వెబ్ 1986లో అక్కడి డంక్ పోటీ గెలిచాడు, అదీ అంతకుముందు ఏడాది విజేత, తన సొంత జట్టులోనివాడే అయిన డొమినిక్ విల్కిన్స్‌ను ఓడించి. 5 అడుగుల 9 అంగుళాల నేట్ రాబిన్సన్ ఆ పోటీని మూడుసార్లు గెలిచాడు. వీళ్లను చూసి మీకు ఆశ కలగడం సహజం. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ రెండు పేర్లే మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయంటే, ఆ ఎత్తులో అది ఎంత అరుదో మీరే ఊహించుకోవచ్చు.

ఈ పది అడుగుల సంగతి కూడా ఒకటి చెప్పాలనిపిస్తోంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, మీరు ఆడుతున్న వైఎంసీఏ సంస్థకే చెందిన శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు చలికాలంలో లోపల ఆడుకునే ఒక ఆట తయారు చేస్తూ, పీచ్ పళ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాల బాల్కనీ కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ పది అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి రింగు ఈనాటికీ అక్కడే ఉంది. మనిషి సామర్థ్యాన్ని లెక్కగట్టి ఎవరూ ఆ ఎత్తు నిర్ణయించలేదు. ఆ కమ్మీ ఇంకో అరడుగు కింద ఉండి ఉంటే మీరు ఈపాటికి రింగు పట్టుకుని వేలాడుతూ ఉండేవారు. మీ విలువను ఆ ఇనుప చక్రానికి అప్పగించకండి.

ఇప్పుడు మోకాలి విషయం. అన్నిటికంటే దీని గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. నేను వైద్యుణ్ణి కాను, ఉత్తరం చదివి రోగం పేరు తేల్చకూడదు. కానీ చిప్పకు కింద ఒకే చోట నొప్పి, ఒళ్లు వేడెక్కితే తగ్గడం, మర్నాడు మెట్ల దగ్గర తిరిగి రావడం అన్నవి ఎక్కువగా ఎగిరే ఆటల్లో స్నాయువు అలిసి దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలు. బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆటగాళ్లలో ఇది ఎంత మామూలంటే దీన్ని ఇంగ్లిష్‌లో 'జంపర్స్ నీ' అనే పిలుస్తారు. ఎగిరినప్పటికంటే దిగినప్పుడు మోకాలి మీద పడే భారం తక్కువేమీ కాదు, అది ఒంటి బరువుకు ఎన్నో రెట్లుంటుంది. మీరు ఆ భారాన్ని రాత్రికి మూడు వందలసార్లు, సిమెంటు డాబా మీద, రోజు విడిచి రోజైనా విశ్రాంతి ఇవ్వకుండా వేస్తున్నారు. ఏడాదిగా ఎదుగుదల ఆగిపోవడానికి ఇదే ప్రధాన కారణమని నాకు అనిపిస్తోంది. కండరమైనా స్నాయువైనా పనిచేసినప్పుడు అలుస్తుంది, విశ్రాంతిలో బలపడుతుంది, మీరు రెండోదానికి అవకాశమే ఇవ్వలేదు. ఎన్‌బీఏ ఆటగాళ్లు మేపుల్ చెక్క పరిచిన నేల మీద ఆడతారు, వాళ్ల గెంతులను లెక్కపెట్టి తగ్గించే శిక్షకులుంటారు, పక్కనే ఫిజియోథెరపిస్టు ఉంటారు. అయినా వాళ్లలోనూ ఈ నొప్పితో వారాల తరబడి కూర్చునేవాళ్లున్నారు. పన్నెండు అంగుళాల మాట చెప్పినవారు మీ మోకాలిని చూడలేదు, మీ వయసు అడగలేదు, నొప్పి వస్తే ఏం చేయాలో చెప్పలేదు. ఆ ఐదు వేలు పోయాయని అనుకోండి. డబ్బు కట్టాం కాబట్టి పూర్తి చేయాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

ఈ రాత్రి నుంచే డాబా మీది గెంతులు ఆపండి. ఆటకు ముందు మాత్ర వేసుకోవడం కూడా ఆపండి, ఎందుకంటే అది నొప్పిని కప్పుతుంది కానీ దెబ్బను మాన్పదు. ఎముకల వైద్యుల్లో క్రీడా గాయాలు చూసేవారిని ఒకసారి కలవండి. నగరంలో అటువంటి వైద్యులు, ఫిజియోథెరపిస్టులు బాగానే ఉన్నారు. నొప్పి స్నాయువులోనా, లోపలి మృదులాస్థిలోనా, ఎన్ని వారాలు తగ్గించుకోవాలి, ఏ వ్యాయామం ఏ నొప్పి దాకా చేయవచ్చు అన్నవి స్పష్టంగా అడిగి తెలుసుకోండి. స్నాయువు నొప్పికి పూర్తిగా మంచమెక్కడం కంటే మెల్లమెల్లగా బరువు పెంచుతూ చేసే వ్యాయామమే సాధారణంగా మేలు చేస్తుంది, కాబట్టి వైద్యుడి దగ్గరికి వెళ్తే ఆట మానిపిస్తారన్న భయం అంతగా అవసరం లేదు. అమ్మకు చెప్పండి. కొడుకు రాత్రిపూట చాటుగా గెంతి మోకాలు పాడు చేసుకుంటున్నాడని ఆమెకు ఆలస్యంగా తెలిస్తే కలిగే బాధ, ఇప్పుడు తెలిస్తే పడే కోపం కంటే పెద్దది.

మోకాలు కుదుటపడ్డాక మీ ముందు రెండు మూడు దారులుంటాయి. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను. ఏ దారిలో ఏముందో మాత్రం చెబుతాను.

ఒకటి, రింగును తాకాలన్న లక్ష్యాన్ని ఉంచుకుని దారి మార్చడం. తాకడానికి మీకు కావలసింది మూడు అంగుళాలే, అది అసాధ్యమేమీ కాదు. వారానికి రెండు రోజులు మాత్రమే ఎగిరే సాధన, మరో రెండు రోజులు కాళ్ల బలం పెంచే బరువుల సాధన, మధ్యలో విశ్రాంతి, అదీ పక్కన తెలిసినవారు నిలబడి చూస్తుండగా చేయాలి. ఎగిరేది తక్కువసార్లయినా ప్రతిసారీ పూర్తి శక్తితో ఎగరాలి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, పాదాల చప్పుడు వీలైనంత తక్కువగా వచ్చేలా దిగడం నేర్చుకోవాలి. దీనికి ఏడాదో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఇంత చేసినా డంక్ రాకపోవచ్చు. ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకోగలిగితేనే ఈ దారి పట్టండి, లేకపోతే రెండేళ్ల తర్వాత ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

రెండోది పీడీ సార్ చూపిన దారి. ఆయన మాటను మీరు తిరస్కారంగా విన్నారు, నాకు మాత్రం అది ఆట తెలిసిన మనిషి మాటలా ఉంది. 5 అడుగుల 7 అంగుళాల ఆటగాడు జట్టులో గార్డుగా నిలబడాలి, బంతిని కోర్టు దాటించాలి, ఎవరు ఖాళీగా ఉన్నారో అందరికంటే ముందు చూడాలి. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో పద్నాలుగు సీజన్లు ఆడింది ఆ నేర్పుతోనే. ఎగరడంలో ఏ ప్రత్యేకతా లేని నికోలా యోకిచ్ 2021, 2022, 2024లలో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు, తన కళ్లతోనూ చేతులతోనూ. ఇక ఎగరడానికే పుట్టాడనిపించిన విన్స్ కార్టర్‌ను చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 7 అడుగుల 2 అంగుళాల ఫ్రాన్స్ ఆటగాడి తల మీదుగా దూకి డంక్ చేసిన ఆ మనిషి, ఆ తర్వాత దూరం షాట్లు మెరుగుపరచుకుని, మొత్తం ఇరవై రెండు సీజన్లు ఆడి 2020లో విరమించాడు. ఎంత ఎగిరినా డంక్‌కు రెండు పాయింట్లే, గీత బయటినుంచి వేసిన షాట్‌కు మూడు. ఈ దారిలో మీ 31 అంగుళాలు వృథా కావు, ఎదుటివాడి చెయ్యి మీదుగా షాట్ వేయడానికీ, రింగు దగ్గరికి పరుగెత్తి వేసే లేఅప్‌కూ, గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకునే రీబౌండ్‌కూ అవి అక్కరకొస్తాయి. లోటు ఒకటే. మీరు ఈ ఆటలోకి వచ్చింది గాలిలోకి లేవాలన్న కోరికతో, బంతి ఆడించే సాధన ఆ కోరికను తీర్చదు. కొన్నాళ్లు చప్పగా ఉంటుంది.

ఆట మానుకోవడం మూడో దారి. మోకాలు బాగోలేదని వైద్యులు చెబితే తప్పదు, అప్పుడు నేను కాదనను. కానీ ఉత్తరం చదివితే మీరు మానాలనుకుంటున్నది మోకాలి కోసం కాదనీ, తమ్ముడి పక్కన నిలబడలేకనీ అనిపిస్తోంది. ఆ కారణంతో మానేస్తే కోర్టు దూరమవుతుంది కానీ తమ్ముడు అదే గదిలో ఉంటాడు.

తమ్ముడి విషయంలో మీరు మంట అన్న మాట వాడారు, దాన్ని దాచుకోకుండా రాసినందుకు సంతోషం. రెండేళ్లు కష్టపడ్డ చోట ఇంకొకరు నవ్వుతూ గెలిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది, అందులో సిగ్గుపడవలసింది లేదు. బంతి ఇవ్వకపోవడం మాత్రం తప్పు, అది మీకూ తెలుసు కాబట్టే ఉత్తరంలో రాశారు. "ఇందులో ఏముంది" అన్న మాట ఆ వయసు కుర్రవాడు అన్నతో సరదాగా అన్నది. మీ డాబా రాత్రుల సంగతి అతనికి తెలియదు, మీరు చెప్పలేదు. రింగు అందిన క్షణంలో అతను మొదట తిరిగి చూసింది మీ వైపే కావచ్చు కూడా.

అతనికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే కొన్నాళ్లు మొహమాటంగా ఉంటుంది, అతను జాలిపడతాడేమోనన్న భయమూ ఉంటుంది. చెప్పకపోతే ఈ ముభావం అతనికి కారణం తెలియని శిక్షగా మిగిలి, కొంతకాలానికి అతనూ కోర్టుకు రావడం మానేస్తాడు. నా మనసు చెప్పడం వైపే మొగ్గుతోంది. ఇంకో మాట కూడా ఉంది. అతనికి ఎదిగే వయసు, ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండకపోవచ్చు, రింగు అందింది కదా అని వేలాడుతూ, ఎలాపడితే అలా దిగుతూ ఉంటే మీ మోకాలికి పట్టిన గతే అతనికీ పట్టవచ్చు. దిగడం గురించి, విశ్రాంతి గురించి మీరు నొప్పిపడి తెలుసుకున్నది అతనికి ఉపయోగపడుతుంది. లెక్క కూడా చెప్పవచ్చు, కానీ నీకంటే ఆరు అంగుళాలు ఎక్కువ ఎగురుతున్నానని గెలవడానికి మాత్రం కాదు. అతను ఇంకా 25 దగ్గరే ఉన్నాడంటే, ఆ పొడవుకు శిక్షణ తోడైతే ఎక్కడికి వెళ్తాడో ఆలోచించండి.

ఎంపికలకు ఇంకా నెల ఉంది. పీడీ సార్‌ను ఈ వారమే ఒంటరిగా కలిసి మోకాలి సంగతి చెప్పండి. దాచి ఎంపికై, మొదటి ఆటలోనే కూర్చోవలసి వస్తే జట్టుకూ నష్టం, మీ మీద ఆయన నమ్మకానికీ నష్టం. వైద్యులు ఎగరవద్దన్నా, మీకు ఎవరూ అడ్డులేకుండా గీత దగ్గర నిలబడి ఫ్రీ త్రోలు వేయడానికి, నిలబడి బంతి ఆడించడానికి అనుమతి దొరకవచ్చు. ఎంపికల నాటికి ఆ రెండింట్లో ఎంత మెరుగుపడితే ఆయనకు సరిపోతుందో సూటిగా అడగండి. ఈ ఏడాది కుదరకపోతే మూడో సంవత్సరం ఎంపికలున్నాయి, వాటికి మోకాలితో సహా సిద్ధం కావడానికి ఎప్పుడు, ఏం మొదలుపెట్టాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి.